చదరంగం గడుల గింజలు: 18446744073709551615 లోపల ఏముంది?

అడిగినది క్లుప్తంగా ఇదీ. చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ 64 గడులూ నింపితే మొత్తం 18446744073709551615 గింజలు. ఈ సంఖ్య ప్రధాన సంఖ్యా? కాకపోతే కారణాంకాలు ఏమిటి, వాటిని చేత్తో తేల్చే దారి ఉందా? ఎక్సెల్ ఒకటి, ఫోను కాల్క్యులేటరు ఇంకొకటి చూపిస్తున్నాయి, దేన్ని నమ్మాలి? ఇంట్లో పెద్దవాళ్లు చదివే "శర శశి షట్క చంద్ర" పద్యంలో ఉన్నది ఈ సంఖ్యేనా?

ముందు జవాబులు. ప్రధాన సంఖ్య కాదు. దీని కారణాంకాలు ఇవి:

3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417

ఏడూ ప్రధానాంకాలే, ఏదీ రెండోసారి రాదు. చేత్తో తేల్చవచ్చు, కాగితం పెన్ను ఉంటే ఒక పూట పని. ఎక్సెల్‌నీ మామూలు కాల్క్యులేటర్‌నీ ఈ సంఖ్య దగ్గర నమ్మకండి, కారణం కింద చెబుతాను. పద్యంలో ఉన్నది అక్షరాలా ఈ సంఖ్యే, 20 అంకెలూ సరిపోతాయి.

ఇంత పెద్ద సంఖ్య ఎదురుపడితే చాలామంది వెంటనే 7 పోతుందా, 11 పోతుందా, 13 పోతుందా అని మొదలుపెడతారు. అది తర్వాతి పని. ముందు చూడాల్సింది ఆ సంఖ్య ఎక్కణ్ణుంచి పుట్టిందో. ఇది 2^64 − 1, అంటే 2 ని 64 సార్లు వేసి గుణించి ఒకటి తీసేసినది. ఈ ఒక్క సంగతి చేతిలో ఉంటే మిగతా లెక్కంతా దాదాపు దానంతటదే విడిపోతుంది.

ఎందుకు 2^64 − 1 అయింది? గుణశ్రేఢి సూత్రం గుర్తు లేకపోయినా ఫర్వాలేదు. బల్ల పక్కన అదనంగా ఒక గింజ పెట్టుకోండి. దాన్ని మొదటి గడి గింజతో కలిపితే 2. రెండో గడిలోనూ 2 ఉన్నాయి, కలిపితే 4. మూడో గడిలో 4, కలిపితే 8. ఇలా 64వ గడి దాటేసరికి చేతిలో 2^64 ఉంటాయి. అరువు తెచ్చుకున్న గింజ వెనక్కి ఇచ్చేస్తే 2^64 − 1. 64వ గడిలో ఒక్కదానిలోనే 2^63 గింజలుంటాయి, అంటే ముందున్న 63 గడులూ కలిపిన దానికన్నా ఒకటి ఎక్కువ.

మన పద్ధతిలో కామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615. చదవాలంటే కోటి దగ్గర విరవడం మేలు: ఒక లక్షా 84 వేల 467 కోటి కోట్లు, 44 లక్షల 7 వేల 370 కోట్లు, 95 లక్షల 51 వేల 615. బియ్యపు గింజ ఒక్కోటి 20 మిల్లీగ్రాములు అనుకుంటే బరువు సుమారు 36,900 కోట్ల టన్నులు. ప్రపంచమంతా ఏటా పండే బియ్యం 50 కోట్ల టన్నులకు కాస్త పైన, కాబట్టి దాదాపు ఏడు వందల ఏళ్ల పంట.

చేత్తో కట్టడం

64 సార్లు రెట్టించనక్కర్లేదు, ఆరుసార్లు వర్గం చేస్తే చాలు. 2, 4, 16, 256, 65536, 4294967296, ఆఖరిది 2^64. మొదటి అయిదు వర్గాలూ తేలిక. చివరి వర్గం దగ్గరే అందరూ తడబడతారు. 4294967296 ని రెండు ముక్కలు చేయండి: ముందు 42949, వెనక 67296.

42949 వర్గం 1844616601.
42949 × 67296 రెట్టింపు 5780591808.
67296 వర్గం 4528751616.

మొదటిదాని వెనక పది సున్నాలు, రెండోదాని వెనక అయిదు సున్నాలు, మూడోది ఉన్నదున్నట్టు. ఒకదాని కింద ఒకటి కుడివైపు సరిగ్గా ఆనించి కూడితే 18446744073709551616. ఒకటి తీసేయండి. ఇక్కడ తప్పు ఎక్కువగా జరిగేది కూడికలో కాదు, సున్నాలు పెట్టడంలో. గళ్ల నోటుబుక్కు వాడితే ఆ తప్పు రాదు.

అంకెలు సరిగ్గా రాశామా అని చూసుకోవడం

20 అంకెల సంఖ్యను ఒకచోటి నుంచి ఇంకోచోటికి దించుకునేటప్పుడు ఒక అంకె జారిపోవడం, రెండు అంకెలు తారుమారవడం మామూలే. రెండు పరీక్షలు చేయండి.

మొదటిది తొమ్మిదులు తీసేయడం. అంకెల మొత్తం 87. 8 + 7 = 15, 1 + 5 = 6. అంటే 9 తో భాగిస్తే శేషం 6 రావాలి. ఇంకోవైపు నుంచి: 2 ఘాతాలను 9 తో భాగిస్తే వచ్చే శేషాలు 2, 4, 8, 7, 5, 1 అని ఆరింటికోసారి తిరుగుతాయి. 64 లో ఆరులు పోగా 4 మిగులుతుంది, నాలుగోది 7, ఒకటి తీసేస్తే 6. సరిపోయింది. కానీ ఈ పరీక్ష పక్కపక్క అంకెలు తారుమారైతే పట్టుకోలేదు, 9 బదులు 0 రాసినా పట్టుకోలేదు.

అందుకని రెండోది. కుడి నుంచి మూడేసి అంకెల గుంపులు చేసి, ఒకటి కూడుతూ ఒకటి తీసేస్తూ పోవాలి:

615 − 551 + 709 − 073 + 744 − 446 + 18 = 1016

7, 11, 13 మూడూ గుణిస్తే 1001 కాబట్టి, మన సంఖ్యను ఈ మూడింటితో భాగిస్తే వచ్చే శేషాలే 1016 కీ వస్తాయి. 7 తో శేషం 1, 11 తో 4, 13 తో 2. 2^64 వైపు నుంచి చూసినా ఇవే వస్తాయి. ఉదాహరణకు 7 తో 2 ఘాతాల శేషాలు 2, 4, 1 అని మూడింటికోసారి తిరుగుతాయి, 64 లో మూడులు పోగా 1 మిగులుతుంది, మొదటిది 2, ఒకటి తీస్తే 1. ఈ రెండు పరీక్షలూ దాటిన సంఖ్యలో దించుకునేటప్పటి తప్పు మిగిలే అవకాశం బాగా తక్కువ. పనిలో పనిగా 7, 11, 13 కారణాంకాలు కావనీ తేలిపోయింది.

పద్యం సంగతి

చంపకమాల అది. సంఖ్య ఉన్న భాగం ఇంతవరకు: శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుంజర తుహినాంశు. ఇది భూతసంఖ్యల పద్ధతి, అంటే అంకెలను వస్తువుల పేర్లతో చెప్పడం. అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. శర 5 (మన్మథుడి బాణాలు), శశి 1, షట్క 6, చంద్ర 1, శర 5, సాయక 5, రంధ్ర 9, వియత్ 0, నగ 7, అగ్ని 3, భూధర 7, గగన 0, అబ్ధి 4, వేద 4, గిరి 7, తర్క 6, పయోనిధి 4, పద్మజాస్య 4 (బ్రహ్మ ముఖాలు), కుంజర 8 (దిగ్గజాలు), తుహినాంశు 1. వెనక నుంచి రాసుకుంటే 18446744073709551615.

ఇందులో రెండు చోట్ల కాలు జారుతుంది. ఒకటి సంధి: "వియన్నగాగ్ని" ఒక మాట కాదు, వియత్ + నగ + అగ్ని, మూడు అంకెలు. "గగనాబ్ధి" రెండు అంకెలు. లెక్కపెడితే మొత్తం ఇరవై మాటలు రావాలి. రెండోది సముద్రం. సప్తసముద్రాలు నోట్లో నానిన మాట కాబట్టి అబ్ధి, పయోనిధి కనబడగానే 7 అని రాసేస్తారు. భూతసంఖ్యల్లో సముద్రం 4. రెండు చోట్లా 7 రాస్తే అంకెల మొత్తం 93 అవుతుంది, అందులోంచి తొమ్మిదులు తీస్తే 3 మిగులుతుంది, రావలసింది 6. పరీక్ష అక్కడికక్కడే పట్టిస్తుంది.

కారణాంకాలు విప్పడం

రెండు వర్గాల తేడాను కూడికగా, తీసివేతగా విడగొట్టే సూత్రం ఎనిమిదో తరగతిలో చదివినదే. 2^64 అన్నది 2^32 వర్గం. కాబట్టి

2^64 − 1 = (2^32 + 1) × (2^32 − 1)

రెండో ముక్కను మళ్లీ అలాగే విడగొట్టవచ్చు, దాని రెండో ముక్కనూ మళ్లీ. చివరికి మిగిలేది:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

ఒక్క భాగహారం కూడా చేయకుండా ఆరు ముక్కలు చేతికొచ్చాయి. 3, 5, 17, 257 ప్రధానాలని చూడగానే తెలుస్తుంది. 65537 కూడా ప్రధానమే. అసలు చిక్కు 4294967297 దగ్గర.

ఈ వరుస ఫెర్మా సంఖ్యలు: 2 కి 1, 2, 4, 8, 16, 32 ఘాతాలు వేసి ఒకటి కలిపినవి. ఈ వరుసలో అన్నీ ప్రధానాలే అని పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా నమ్మాడు. 1732 లో ఆయిలర్ 4294967297 ని 641 భాగిస్తుందని చూపించి ఆ నమ్మకాన్ని పడగొట్టాడు. 65537 తర్వాత ఆ వరుసలో మరో ప్రధాన సంఖ్య ఇంతవరకు దొరకలేదు.

641 ఎలా తట్టింది? గుడ్డిగా ప్రతి ప్రధానంతో భాగిస్తూ పోతే 641 వరకు వందకు పైగా భాగహారాలు. అలా అక్కర్లేదు. 2^32 + 1 ని భాగించే ప్రధాన సంఖ్యను 64 తో భాగిస్తే శేషం 1 రావాలి. కారణం ఇది: ఆ ప్రధానంతో భాగించి శేషాలు చూస్తే 2^32 కి −1, కాబట్టి 2^64 కి 1. శేషం 1 మొదటిసారి వచ్చేది సరిగ్గా 64వ ఘాతం దగ్గర, అంతకు ముందు కాదు. ప్రధాన సంఖ్య కన్నా ఒకటి తక్కువైన ఘాతానికి శేషం ఎప్పుడూ 1 (ఇది ఫెర్మాదే మరో సిద్ధాంతం), అందుచేత ఆ ఘాతాన్ని 64 భాగించి తీరాలి. ఇంకాస్త లోతుకు పోతే 64 బదులు 128 అని కూడా నిరూపించవచ్చు.

128 తో పోతే పరీక్షించాల్సినవి: 129, 257, 385, 513, 641. ఇందులో 129 ని 3, 385 ని 5, 513 ని 3 భాగిస్తాయి, అవి వదిలేయండి. 257 ఇదే వరుసలోని మరో ఫెర్మా సంఖ్య, ఏ రెండు ఫెర్మా సంఖ్యలకీ ఉమ్మడి కారణాంకం ఉండదు, అదీ పోయింది. మిగిలింది 641 ఒక్కటే. భాగించండి: 4294967297 ÷ 641 = 6700417, శేషం లేదు.

పొడుగు భాగహారం మీద నమ్మకం లేకపోతే ఇంకో దారి. 641 = 5 × 128 + 1, అలాగే 641 = 625 + 16. మొదటిదాని ప్రకారం 641 తో భాగించినప్పుడు 5 × 2^7 కి శేషం −1. నాలుగో ఘాతం చేస్తే 625 × 2^28 కి శేషం 1. రెండోదాని ప్రకారం 625 స్థానంలో −16 పెట్టవచ్చు. 16 × 2^28 అంటే 2^32. కాబట్టి 2^32 కి శేషం −1, 2^32 + 1 కి శేషం 0. రెండు వాక్యాల్లో తేలిపోయే నిరూపణ, నోటితో చెప్పేయవచ్చు.

ఇక 6700417 ప్రధానమేనా? దీన్ని పరీక్షించకుండా వదిలేసేవాళ్లు చాలామంది. దీని వర్గమూలం 2588 పైచిలుకు, అంతవరకే చూడాలి. పైన చెప్పిన నియమం దీనికీ వర్తిస్తుంది, ఎందుకంటే దీన్ని భాగించేది 4294967297 నీ భాగించాలి. 128 ఎక్కంలో ఒకటి కలిపినవి 2588 లోపు ఇరవై ఉంటాయి. వాటిలో ప్రధానాలు అయిదే: 257, 641, 769, 1153, 1409. 6700417 ని వీటితో వరుసగా భాగిస్తే శేషాలు 170, 44, 120, 334, 622. ఒక్కటీ సున్నా కాదు, కాబట్టి ప్రధానమే. ఏడు లక్షలు కాదు, అరవై ఏడు లక్షల సంఖ్యను అయిదు భాగహారాలతో ప్రధానమని తేల్చేశాం. ఆ అయిదులోనూ 257 ని పైన చెప్పిన కారణంగా వదిలేయవచ్చు.

ఒక హెచ్చరిక. ప్రధానమా కాదా అని చూసే చిన్న ప్రోగ్రాముల్లో 2 ని ఆధారంగా పెట్టి ఫెర్మా పరీక్ష చేస్తుంటారు, అంటే సంఖ్య కన్నా ఒకటి తక్కువైన ఘాతం 2 కి వేసి, ఆ సంఖ్యతో భాగిస్తే శేషం 1 వస్తుందా అని చూస్తారు. 4294967297 ఆ పరీక్షను మోసం చేస్తుంది, ప్రధానంలాగే నెగ్గేస్తుంది. ఫెర్మా సంఖ్యలన్నీ అంతే, అవి పుట్టిందే 2 ఘాతాల్లోంచి కాబట్టి. ఆధారంగా 3 పెడితే దొరికిపోతుంది.

భాజకాలు

ఏడు వేర్వేరు ప్రధానాలు, ఒక్కోటి తీసుకోవడమో మానడమో. కాబట్టి మొత్తం భాజకాలు 2^7 = 128. మొదట్లో 1, 3, 5, 15, 17, 51, 85, 255, 257 అని వస్తాయి. వీటిని ద్విసంఖ్యామానంలో రాసి చూడండి: 1, 11, 101, 1111, 10001, 110011, 1010101, 11111111. పాస్కల్ త్రిభుజంలో (అంచుల్లో 1, లోపల ప్రతి సంఖ్యా దాని పైనున్న రెండింటి మొత్తం) బేసి సంఖ్య ఉన్నచోట 1, సరి సంఖ్య ఉన్నచోట 0 రాస్తే వచ్చే వరుసలు ఇవే. మొదటి 64 వరుసలూ మన సంఖ్యకు భాజకాలే. మిగతా 64 భాజకాలు ఈ త్రిభుజంలో దొరకవు. అవి 641, 6700417 లలో ఏదో ఒక్కటే ఉన్నవి. ఆయిలర్ పగలగొట్టిన ఆ ఒక్క ముక్క వల్లే భాజకాల సంఖ్య 64 నుంచి 128 కి పెరిగింది.

భాజకాలన్నీ కూడితే సంఖ్యకు సుమారు 1.7034 రెట్లు వస్తుంది. రెండు రెట్లు రాలేదు కాబట్టి ఇది పరిపూర్ణ సంఖ్య కాదు, లోటు సంఖ్య. ఒకటి నుంచి ఈ సంఖ్య వరకు ఉన్నవాటిలో దీనితో ఉమ్మడి కారణాంకం లేనివి దాదాపు సగం, కచ్చితంగా కావాలంటే 49.92 శాతం.

వర్గాల సంగతి: ఇది వర్గ సంఖ్య కాదు, 4294967296 వర్గానికి ఒక్కటి తక్కువ. రెండు వర్గాల మొత్తంగా రాయలేం. మూడు వర్గాల మొత్తంగానూ రాయలేం, ఎందుకంటే 8 తో భాగిస్తే శేషం 7 వస్తోంది (చివరి మూడంకెలు 615 చూస్తే చాలు). నాలుగు వర్గాలు తప్పనిసరి.

త్రిభుజ సంఖ్యా, అంటే 1 + 2 + 3 + … అని ఎక్కడో ఆగితే ఈ మొత్తం వస్తుందా? ఇది చూడ్డానికి చిన్న ప్రశ్నే కానీ దీని వెనక రామానుజన్ ఉన్నాడు. మన సంఖ్య త్రిభుజ సంఖ్య కావాలంటే 2^67 − 7 వర్గ సంఖ్య కావాలి. 2 ఘాతంలోంచి 7 తీసేస్తే వర్గం వచ్చేది ఘాతం 3, 4, 5, 7, 15 అయినప్పుడే, ఇంకెప్పుడైనా వస్తుందా అని 1913 లో రామానుజన్ అడిగాడు. ఇంకెప్పుడూ రాదని 1948 లో నాగెల్ నిరూపించాడు. 67 ఆ జాబితాలో లేదు. కాబట్టి కాదు. గింజలను త్రిభుజాకారంలో పేర్చాలంటే 64 గడుల బల్ల పనికిరాదు, 12 గడుల బల్ల పనికొస్తుంది: 4095 = 1 + 2 + … + 90.

వృత్తలేఖిని, స్కేలు మాత్రమే వాడి సమ బహుభుజి గీయడం గురించి విని ఉంటే: 17 భుజాలది గీయవచ్చని గాస్ 1796 లో కనిపెట్టాడు. బేసి భుజాలతో గీయగలమని తెలిసినవాటిలో అన్నిటికన్నా పెద్దది 4294967295 భుజాలది, అంటే మన సంఖ్యను మొదట విడగొట్టిన రెండు ముక్కల్లో చిన్నది, 2^32 − 1. పూర్తి సంఖ్య అన్ని భుజాలు గీయలేం. అడ్డం పడేవి 641, 6700417.

హనోయ్ గోపురం ఆటలో (చిన్నదాని మీద పెద్దది పెట్టకుండా, ఒక్కో బిళ్లే తీస్తూ, మూడు కర్రల మధ్య గుట్టను జరిపే ఆట) 64 బిళ్లలు జరపడానికి పట్టే ఎత్తులూ ఇన్నే. సెకనుకు ఒకటి చొప్పున జరిపితే 58 వేల కోట్ల ఏళ్లు.

కంప్యూటరు ఎందుకు తప్పు చూపిస్తుంది

ద్విసంఖ్యామానంలో ఈ సంఖ్య అరవై నాలుగు ఒకట్లు. 64 బిట్లలో గుర్తు లేకుండా పట్టే అతి పెద్ద పూర్ణసంఖ్య ఇదే. దీనికి 1 కలిపితే 0 అయిపోతుంది. 0 లోంచి 1 తీస్తే ఇది వస్తుంది. అందుకే ఏదైనా ప్రోగ్రాము పనుల చిట్టాలో (లాగ్ ఫైల్) ఉన్నట్టుండి 18446744073709551615 కనబడితే గింజల కథ వెతక్కండి, ఎవరో గుర్తులేని చరరాశి సున్నాలో ఉండగా ఒకటి తీసేశారు, లేదా −1 ని తప్పు రకంలో చదివారు. గుర్తు ఉన్న రకంలో గరిష్ఠం 9223372036854775807 మాత్రమే. డేటాబేసులో అలాంటి గడిలో మన సంఖ్య పెట్టబోతే పట్టదు.

ఎక్సెల్ సంగతి వేరు. అది ప్రతి సంఖ్యనూ ఫ్లోటింగ్ పాయింట్ రూపంలో (అంకెలు వేరుగా, ఘాతం వేరుగా) దాస్తుంది, అందులో అంకెలకు దక్కేది 53 బిట్లే, చూపించేది 15 అంకెలే. సంఖ్యను నేరుగా టైపు చేస్తే 15 తర్వాతి అంకెలు సున్నాలైపోయి 18446744073709500000 అవుతుంది. సూత్రంతో 2^64 కట్టిస్తే సవరించి 18446744073709600000 చూపిస్తుంది. గడిని ముందే టెక్స్ట్ రకానికి మార్చి టైపు చేస్తే అంకెలు నిలుస్తాయి కానీ లెక్కలకు పనికిరావు. జావాస్క్రిప్ట్‌లో మామూలు సంఖ్యగా రాస్తే 18446744073709552000 అని వస్తుంది, బిగ్‌ఇంట్ (ఎంత పెద్ద పూర్ణసంఖ్యనైనా పట్టే రకం) వాడాలి.

ఈ 53 బిట్ల పద్ధతిలో 2^64 కి కింద ఉన్న పక్క సంఖ్య ఏకంగా 2048 తక్కువ. మధ్యలో ఏదీ నిలవదు. మన సంఖ్య పెడితే అది పైకి జరిగి 2^64 అయి కూర్చుంటుంది, బేసి కాస్తా సరి అవుతుంది. ఇక దాన్ని 3 తో భాగించి శేషం చూస్తే 1 వస్తుంది. "3 పోవడం లేదే" అని ఎవరికైనా అనిపిస్తే ముందు ఈ తప్పే చూసుకోవాలి.

పైథాన్‌లో పూర్ణసంఖ్యలకు హద్దు లేదు, 2**64 − 1 రాస్తే 20 అంకెలూ సరిగ్గా వస్తాయి. కానీ భాగించేటప్పుడు ఒక గీత (/) కాదు, రెండు గీతలు (//) వాడండి. ఒక గీత వాడితే జవాబు ఫ్లోటింగ్ పాయింట్ రూపంలోకి పోయి మళ్లీ చివరి అంకెలు ఊడతాయి. 3 తో భాగిస్తే రావాల్సింది 6148914691236517205.

సంఖ్య పుట్టుక తెలియకుండా నేరుగా భాగిస్తూ పోయినా ఈ ఒక్కదాని విషయంలో కంప్యూటరుకు కష్టం కాదు. 3, 5, 17, 257, 641 పోయాక మిగిలేది 439125228929. 65537 దగ్గర అదీ విరుగుతుంది, మిగిలేది 6700417. అది 65537 వర్గం కన్నా చిన్నది, కాబట్టి ఇంకేమీ చూడకుండా ప్రధానమని అక్కడే ఆగిపోవచ్చు. ఈ ఆగే నియమం పెట్టకపోతే ప్రోగ్రాము అనవసరంగా లక్షలసార్లు తిరుగుతుంది.

అన్ని 20 అంకెల సంఖ్యలూ ఇంత మెత్తగా విరుగుతాయనుకోకండి. రెండు పది అంకెల ప్రధానాల లబ్ధమైతే వర్గమూలం దాకా పోవాలి. 2^32 లోపు ప్రధానాలు 20,32,80,221 ఉన్నాయి, చేత్తో ఊసే లేదు. దూరం పోనక్కర్లేదు, మన సంఖ్యకు రెండు కలిపి చూడండి: 18446744073709551617. ఇది వరుసలో తర్వాతి ఫెర్మా సంఖ్య. రెండు వర్గాల తేడా సూత్రం దీనికి పట్టదు. దీన్ని భాగించేవాటిని 256 తో భాగిస్తే శేషం 1 రావాలన్న నియమం మాత్రం పనిచేస్తుంది. 641 మనకు 128 ఎక్కంలో అయిదో మెట్టు మీదే దొరికింది. దీని చిన్న కారణాంకం 274177, అది 256 ఎక్కంలో 1071వ మెట్టు. రెండోది 67280421310721. 1880 లో ఫ్రెంచి గణితజ్ఞుడు లాండ్రీ విప్పి ప్రకటించేదాకా ఇది లోకానికి తెలియలేదు, ఆయిలర్ 641 కనుక్కున్న నూట నలభై ఎనిమిదేళ్లకు.